పెట్టెలో తేనెటీగలకి నల్లి పట్టింది, ఏం చెయ్యమంటారు?

అరకులో వలిసె పూత అయిపోయింది, తేనెటీగల పెట్టెలు కొండ దిగొచ్చాయి, వాటి వెనకే ఉత్తరాలూ దిగాయి. ఈసారి వచ్చినవాటిలో సగానికి పైగా ఒకటే గోల, నల్లి. అందుకే తేనె రేటు, సబ్సిడీ, పెట్టెలు ఎక్కడ దొరుకుతాయి లాంటివన్నీ వచ్చే నెలకి నెట్టేసి ఈ నెల మొత్తం దీని మీదే రాస్తున్నా, మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: అన్నా నమస్తే. మాది భీమిలి దగ్గర, జీడితోటలో 14 పెట్టెలున్నాయి, అన్నీ ఇటాలియన్ ఈగలే. అక్టోబర్‌లో అరకు పంపాం, తేనె బాగానే వచ్చింది, డిసెంబర్ ఆఖర్లో వెనక్కి తెచ్చుకున్నాం. వచ్చిన దగ్గర్నుంచి నాలుగైదు పెట్టెల ముందు ఈగలు నేల మీద పాకుతున్నాయి, ఎగరలేకపోతున్నాయి, రెక్కలు చూస్తే నలిపి పారేసిన కాగితంలా ఉన్నాయి. పక్క తోటవాళ్ళు ఏదో మందు కొట్టారని మా ఆయన వెళ్ళి గొడవ కూడా పెట్టుకొచ్చారు. నిన్న ఒక ఈగ వీపు మీద ఎర్రగా ఆవగింజంత ఏదో అంటుకుని కనిపించింది. అదేంటి, దానంతటది పోతుందా?
– ఒక పాఠకురాలు, భీమిలి

జవాబు: అమ్మా, ముందు మీ ఆయన్ని పక్క తోటవాళ్ళ ఇంటికి వెళ్ళి ఓ కాఫీ తాగి సారీ చెప్పి రమ్మనండి, తప్పు వాళ్ళది కాదు. పురుగుమందు తగిలితే బయట తిరిగే పెద్ద ఈగలు కుప్పలుగా చస్తాయి, చాలావాటికి నాలుక బయటికి వేలాడుతుంది, కానీ రెక్కలు మాత్రం మామూలుగానే ఉంటాయి. మీరు చెప్పిన నలిగిన రెక్కలు అప్పుడే పుట్టిన పిల్ల ఈగలవి. మీరు చూసిన ఎర్ర ఆవగింజ వరోవా నల్లి. దానంతటది పోదు. వదిలేస్తే పోయేది పెట్టె.

ఆవుకి గోమారి ఎలాగో ఈగకి ఇది అలాగ, కాకపోతే సైజు లెక్కలో చూస్తే మన ఒంటి మీద అరచెయ్యంత పురుగు పట్టుకు వేలాడుతున్నట్టు. వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటరు, పొడవు అంతకన్నా కొంచెం తక్కువ, పీతలాగ అడ్డంగా బల్లపరుపుగా ఉంటుంది. ఈగ పొట్ట కింద పొరల మధ్యలో దూరిపోతుంది కాబట్టి వీపు మీద ఒకటి కనబడింది అంటే కనబడనివి చాలా ఉన్నట్టే లెక్క. చాలా ఏళ్ళు ఇది ఈగ రక్తం తాగుతుందనే అందరూ అనుకున్నారు, పాత పుస్తకాల్లో ఇప్పటికీ అలాగే ఉంటుంది, 2019లో శామ్యూల్ రామ్సీ అనే అమెరికా శాస్త్రవేత్త బృందం తేల్చిందేంటంటే ఇది ముఖ్యంగా తినేది ఈగ ఒంట్లో కొవ్వుని. ఈగకి ఆ కొవ్వంటే మనకి లివర్ లాంటిది, రోగం తట్టుకోవాలన్నా, విషాన్ని విరగ్గొట్టాలన్నా, కరువు రోజులు గడవాలన్నా అదే ఆధారం. పైగా తింటూ తింటూ వైరస్‌లు ఎక్కిస్తుంది. మీరు చూసిన ముడుచుకుపోయిన రెక్కలు అలాంటి ఒక వైరస్ పనే.

ఇప్పుడు అసలు సంగతి, ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. ఈ నల్లి పెద్ద ఈగల మీద ఊరికే సవారీ చేస్తుంది, పిల్లల్ని పెట్టేది మాత్రం మూత పడ్డ పిల్ల గదిలోనే, అంటే పట్టులో ఈగ పిల్ల పెరిగే గదిలో. కూలి ఈగలు పిల్ల గదికి మైనం మూత వెయ్యబోయే ముందు తల్లి నల్లి లోపలికి జారుకుంటుంది. మూత పడ్డాక మూడు రోజులకి కాస్త అటూ ఇటూగా మొదటి గుడ్డు, అది మగది, ఆ తర్వాత 30 గంటలకొకటి చొప్పున ఆడవి. ఆ ఒక్క మగ నల్లి ఆ గదిలోనే తన అక్కచెల్లెళ్ళతో జతకట్టి, ఈగ బయటికొచ్చే టైముకి అక్కడే చచ్చిపోతుంది, వాడికి వెలుగే తెలీదు. కూలి ఈగ గది మూత కింద 12 రోజులు ఉంటుంది కాబట్టి ఆ లోపల పెద్దయ్యే కూతుళ్ళు సగటున ఒకటీ ఒకటిన్నర, మగ ఈగ గదికి మూత ఇంకో రెండు మూడు రోజులు ఎక్కువుంటుంది కాబట్టి అక్కడ రెండు పైచిలుకు. అందుకే మగ ఈగ గదులంటే దీనికి అంత ఇష్టం.

దీన్నిబట్టి మీ జనవరి కష్టం ఎక్కడిదో చూడండి. అరకులో వలిసె పూసినన్నాళ్ళూ రాణి బాగా గుడ్లు పెట్టింది, ఈగలు పట్టు కట్టుకునే ఫ్రేముల నిండా పిల్ల, నల్లికి పండగ. మీరు పైనుంచి చూస్తే ఈగలు కళకళలాడుతున్నాయి, తేనె వస్తోంది, ఇంక అనుమానం ఎందుకొస్తుంది. పువ్వు అయిపోయింది, రాణి గుడ్లు తగ్గించింది, పిల్ల గదులు తగ్గాయి, నల్లులు మాత్రం అన్నీ అలాగే ఉన్నాయి. అన్నీ వచ్చి ఉన్న కొంచెం పిల్ల మీదా ఈగల మీదా పడ్డాయి. ఎక్కువ తేనె ఇచ్చిన పెట్టెలోనే ఎక్కువ నల్లి ఉండటం మామూలే, బాగా ఇచ్చిందని దాన్ని వదిలేసి బక్క పెట్టెల్నే చూడకండి.

మందు అడుగుతారని తెలుసు, దానికి ముందు లెక్క పెట్టాలి. ఇంట్లో ఖాళీ హార్లిక్స్ సీసా ఉంటుంది కదా, దాని మూతకి పెద్ద కన్నం కోసి ఈగ పట్టనంత, నల్లి పట్టేంత జాలీ అతికించండి, మూడు మిల్లీమీటర్ల కన్నాలు చాలు. పిల్ల ఉన్న ఫ్రేము తీసి రాణి దాని మీద లేదని రెండుసార్లు చూసుకోండి, మూడోసారి కూడా చూడండి, సీసాలో రాణిని వేసి ఊపేసిన మహానుభావులున్నారు. ఆ ఫ్రేము నుంచి అర కప్పు ఈగలు సీసాలోకి దులిపితే సుమారు 300 అవుతాయి. జాలీ పైనుంచి రెండు పెద్ద చెంచాల పంచదార పొడి వేసి సీసా దొర్లించండి, అన్నీ తెల్ల పిండి బొమ్మల్లా అయిపోతాయి, రెండు నిమిషాలు నీడలో పెట్టండి, తర్వాత తిరగేసి తెల్ల పళ్ళెంలోకి ఒక నిమిషం బాగా దులపండి. పళ్ళెంలో కాసిని నీళ్ళు చిలకరిస్తే పంచదార కరిగి ఎర్ర చుక్కలు తేలతాయి. లెక్కపెట్టి మూడుతో భాగిస్తే నూటికి ఎన్నో వస్తుంది. 12 వచ్చాయనుకోండి, నూటికి 4. నూటికి 3 దాటితే ఆగకూడదు. ఈగల్ని మళ్ళీ పెట్టె ముందు పొయ్యండి, మిగతా ఈగలు నాకి శుభ్రం చేసేసుకుంటాయి, చావవు.

ఒక్క జాగ్రత్త, మన సముద్రపు గాలికి పంచదార పొడి పది నిమిషాల్లో ముద్దకడుతుంది, భీమిలిలో అయితే మరీను. అప్పటికప్పుడు మిక్సీలో వేసి గట్టి మూత డబ్బాలో తీసుకెళ్ళండి. ఫ్రేములో పచ్చి మకరందం కారుతుంటే కూడా ఈగలు తడిసి నల్లి రాలదు, ఆ ఫ్రేము వద్దు. 14 పెట్టెలూ చెయ్యలేకపోతే ఐదైనా చెయ్యండి, ఏ పెట్టెకి ఎంతొచ్చిందో పెట్టె మీదే సుద్దతో రాసిపెట్టండి. ఆ లెక్క నాకు పంపిస్తే మిగతాది మాట్లాడుకుందాం, ఈలోపు కింద నర్సీపట్నం తమ్ముడికి రాసింది మీరూ చదవండి.

ప్రశ్న: సార్, మాది చోడవరం. 30 పెట్టెలు. నల్లి అని నాకు తెలుసండి, పోయినేడు ఏడు పెట్టెలు పోనాయి. మందుల షాపులో పంటకి కొట్టే నల్లి మందు ఒకటిచ్చి అట్టముక్కలు ముంచి ఫ్రేముల మధ్యన పెట్టమన్నారు, పెట్టాను, ముందు బానే రాలింది, ఇప్పుడేటో రాలట్లేదు. డోసు పెంచమంటారా, ఏటి చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, చోడవరం

జవాబు: పెంచొద్దు బాబూ, ఆ అట్టలు ఈ సాయంత్రమే తీసెయ్యండి. షాపాయన మీద కోపం లేదు నాకు, మిరపకీ వంగకీ ఏ మందో ఆయనకి తెలుసు, ఈగ గురించి తెలీదు. పంటకి కొట్టే సీసాలోది ఎకరానికి ఇంత అని లెక్క కట్టినది, అట్టముక్క ఎంత పీల్చుకుందో ఎంత వదిలిందో ఎవరికీ తెలీదు, మొదటి వారం ఎక్కువ, తర్వాత కొంచెం కొంచెం. ఆ కొంచెం కొంచెమే కొంప ముంచుతుంది. గట్టి నల్లులు బతికి బయటపడతాయి, వాటి పిల్లలే మిగులుతాయి, రెండు సీజన్లలో మీ తోటలో ఉన్నవన్నీ ఆ మందు అలవాటైన నల్లులే. ఫ్లువాలినేట్ అనే నల్లి మందు స్ట్రిప్పులకి చాలా దేశాల్లో సరిగ్గా ఇదే జరిగింది. ఈగల కోసమే తయారుచేసిన స్ట్రిప్పులకైనా 6 నుంచి 8 వారాలని లెక్క ఉంటుంది, ఆ తర్వాత తీసెయ్యాలి, మనవాళ్ళు పెట్టి మర్చిపోతారు. ఇంకోటి, ఈ మందులు మైనంలో దిగిపోతాయి, మైనం కరిగించి కొత్త షీట్లు పోయించినా పోదు.

మరేం వెయ్యాలి అంటే నల్లి ఎక్కడుందో చూసి వెయ్యాలి. రాణి గుడ్లు బాగా పెట్టే రోజుల్లో నాలుగింట మూడొంతుల నల్లులు మూత కింద ఉంటాయి, ఈగల మీద ఉన్నవి మాత్రమే చచ్చే మందు వేస్తే రెండు వారాల్లో మిగతావి బయటికొస్తాయి, మీకు మందు పనిచెయ్యలేదనిపిస్తుంది. మైనం మూత దాటి లోపలికి వెళ్ళేది ఫార్మిక్ యాసిడ్ ఆవిరి. మన దేశంలో ఎక్కువగా చెప్పే పద్ధతి 85 శాతం యాసిడ్ చిన్న సీసాలో 5 మిల్లీ పోసి దూది వత్తి పెట్టి పెట్టెలో ఉంచడం, రోజూ నింపుతూ 15 రోజులు. పనిచేస్తుంది. కానీ వేడి 30 డిగ్రీలు దాటితే ఆవిరి ఒక్కసారిగా లేచిపోతుంది, ఈగలు తట్టుకోలేవు.

ఇది చదివి నేర్చుకున్నది కాదు. కొత్తలో సబ్బవరం దగ్గర ఆరు పెట్టెలుండేవి నాకు, మే నెల, నల్లి కనబడింది, కంగారు. మధ్యాహ్నం రెండింటికి సీసాలు పెట్టి వచ్చేశాను. సాయంత్రం వెళ్ళేసరికి ఈగలన్నీ బయటికొచ్చి పెట్టె ముందు గడ్డంలా వేలాడుతున్నాయి, లోపల ఘాటుకి నాకే కళ్ళు మండాయి. వారం తర్వాత తెరిస్తే మూడింట్లో రాణి లేదు, ఒక్క గుడ్డు లేదు. నల్లి చచ్చిందా అంటే చచ్చింది. మా నాన్న అప్పుడన్న మాట ఇక్కడ రాయలేను.

అందుకని మీకు ఫార్మిక్ వెయ్యాలని ఉంటే ఇదే టైము, సంక్రాంతి చుట్టూ ఉన్న చల్లటి వారాలు, అదీ నీడలో, సాయంత్రం పూట. ఫిబ్రవరి దాటాక మైదానంలో ఆ ఊసే ఎత్తకండి. చేతికి రబ్బరు గ్లవ్స్, కళ్ళకి అద్దాలు, పక్కన బకెట్ నీళ్ళు లేకుండా సీసా మూత తియ్యొద్దు, పలచన చెయ్యాల్సొస్తే నీళ్ళలో యాసిడ్ పొయ్యాలి గానీ యాసిడ్‌లో నీళ్ళు పొయ్యకూడదు. వేడి రోజుల్లో అయితే థైమాల్ నయం, వాములో ఘాటు వాసన దానిదే, 15 నుంచి 40 డిగ్రీల మధ్య పనిచేస్తుంది, మూత కిందికి మాత్రం వెళ్ళదు కాబట్టి వారాల తరబడి ఉంచాలి. ఏది వేసినా తేనె కోసం పైన పెట్టే సూపర్లు దించేశాకే, లేకపోతే తేనె వాము కషాయంలా ఉంటుంది.

30 పెట్టెలకీ ఒకే రోజు వెయ్యండి. సగం ఈ వారం సగం పై వారం అంటే కుదరదు, నల్లి పట్టి కుదేలైన పెట్టెని పక్క పెట్టె ఈగలు దోచుకోడానికి వెళ్తాయి, తేనెతో పాటు నల్లిని కూడా ఇంటికి మోసుకొస్తాయి.

ప్రశ్న: నల్లి ఉన్న పెట్టె తేనె తినొచ్చా? పిల్లలకి పెట్టాలంటే భయంగా ఉంది.
– గాజువాక

జవాబు: తినొచ్చు. నల్లి తేనె ముట్టదు, మనల్ని ముట్టదు, ఆ వైరస్‌లు ఈగలవి, మనకి రావు. భయపడాల్సింది దాన్ని చంపడానికి పెట్టెలో ఏం పెట్టారన్నదానికి. కొనేటప్పుడు పెంచేవాళ్ళని ఆ మాటే అడగండి, మందు వేశారా, వేస్తే సూపర్లు ఉన్నప్పుడా దించాకా అని. తడుముకుంటే వేరే చోట కొనుక్కోండి. ఏడాది నిండని బిడ్డకి మాత్రం ఏ తేనే నాకించొద్దు, దానికి నల్లితో సంబంధం లేదు, అది వేరే ప్రమాదం.

ప్రశ్న: సార్, నేను అరకు దగ్గర పల్లె నుంచి. మావి పుట్టతేనె ఈగలు, చెట్టు తొర్రల్లోంచి తెచ్చి పెట్టెల్లో పెంచుతున్నాం, ఎనిమిది ఉన్నాయి. వలిసెలప్పుడు కిందనుంచి లారీల్లో వందల పెట్టెలు వచ్చాయి, వాటికి నల్లి ఉందని విన్నాం. మాకూ అంటుకుంటుందా? మా రెండు పెట్టెల్లో పిల్ల చచ్చిపోతోంది, గదిలో తల పైకెత్తి పడవలాగ ఉంటుంది, తీస్తే నీళ్ళ సంచిలా వస్తుంది.
– అరకు లోయ నుంచి ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో రెండు సంగతులున్నాయి, నువ్వు భయపడుతున్నది ఒకటి, నీ పెట్టెలో జరుగుతున్నది ఇంకోటి.

నల్లి సంగతి ముందు. వరోవాకి అసలు పుట్టిల్లు మీ పుట్టతేనె ఈగ జాతే. 1904లో జావా దీవిలో ఈ జాతి ఈగ మీదే మొదట దీన్ని గుర్తించి పేరు పెట్టారు. ఇప్పుడు ప్రపంచం మీద పడి ఇటాలియన్ ఈగల్ని తింటున్నది ఆ జావా నల్లికి దగ్గర చుట్టమే గానీ అదే కాదని 2000లో ఆండర్సన్, ట్రూమన్ అనే ఇద్దరు తేల్చి డిస్ట్రక్టర్ అని వేరే పేరు పెట్టారు, పేరులోనే విధ్వంసం ఉంది. వేల ఏళ్ళు కలిసి బతికాయి కాబట్టి మీ ఈగకి దీన్ని ఎలా కట్టడి చెయ్యాలో తెలుసు. ఒంటి మీద పాకితే పట్టి కొరికి పారేస్తుంది, పక్క ఈగ చేత కూడా దులిపించుకుంటుంది. కూలి పిల్ల గదుల్లో నల్లి పెద్దగా పెరగలేదు, మగ పిల్ల గదుల్లోనే దాని సంసారం. అక్కడా నల్లులు మరీ ఎక్కువైతే ఆ మగ ఈగ నీరసించి గట్టి మూత తెరుచుకోలేక లోపలే చస్తుంది, దానితో పాటే నల్లులూ సమాధి. ఇటాలియన్ ఈగ మన దేశంలో నిలదొక్కుకుంది 1960ల్లో, హిమాచల్‌లోని నగ్రోటా నుంచి, దానికి ఈ విద్యలు రావు పాపం. కాబట్టి లారీ పెట్టెల నల్లి గురించి నువ్వు నిద్ర మానుకోనక్కర్లేదు. మందులు అసలే వెయ్యొద్దు, మీ ఈగ చిన్నది, ఘాటు తట్టుకోదు, పెట్టె వదిలేసి లేచిపోతుంది.

నువ్వు చూసిన పడవలాంటి పిల్ల, నీళ్ళ సంచి, అది థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ రోగంలా ఉంది. 1991, 92 ఆ ప్రాంతంలో దక్షిణాదిలో పుట్టతేనె పెట్టెల్ని ఊడ్చిపెట్టేసింది ఇదే, కర్ణాటక, కేరళ వైపు తరాలుగా పెంచినవాళ్ళు చేతులెత్తేశారు. దీనికి మందు లేదు, ఎవరైనా అమ్మితే కొనకు. ఆ రెండు పెట్టెల ఫ్రేములు మిగతా ఆరింటికి మార్చకు, వాటి తేనె తీసి వేరే పెట్టెలకి పెట్టకు, కత్తి కూడా కడగకుండా వాడకు. రాణిని రెండు మూడు వారాలు బోనులో పెట్టి గుడ్లు ఆపితే రోగం పాకడానికి పిల్ల ఉండదు, బలం ఉంటే ఈగలే శుభ్రం చేసుకుంటాయి. రోగం తగలని పెట్టెల నుంచే కొత్త రాణుల్ని తీసుకో. ఒకసారి ఆ పిల్లని చింతపల్లి పరిశోధనా స్థానంలో కీటకాల శాస్త్రవేత్తకి చూపించు, ఫోటో కంటే ఫ్రేము ముక్కే పట్టుకెళ్ళు.

ప్రశ్న: ఆనందపురం దగ్గర మా పెట్టెల్లో మీరు చెప్పే అడ్డం నల్లి కాకుండా సన్నగా పొడుగ్గా ఉన్నవి ఫ్రేము మీద పరిగెడుతున్నాయి. పిల్ల మూతలకి చిల్లులు, పిల్ల సగం తిని పారేసినట్టు. ఇదీ వరోవాయేనా?
– ఒక పాఠకుడు

జవాబు: కాదండీ, కానీ మీరు బాగా చూశారు, చాలామంది ఈ తేడా పట్టుకోరు. అది ట్రోపిలేలాప్స్ అనే ఇంకో నల్లి, మిల్లీమీటరు కూడా ఉండదు, వరోవా నింపాదిగా నడిస్తే ఇది పారిపోతున్న దొంగలా పరిగెడుతుంది. దీని సొంత ఇల్లు పెద్ద కొండ ఈగ, అదే మన అపార్ట్‌మెంట్ల వాటర్ ట్యాంకుల కిందా రావిచెట్ల మీదా చాటంత పట్టు పెడుతుందే, అది. మీ చుట్టుపక్కల అలాంటి పట్టు ఏదో ఉండే ఉంటుంది. ఇది వరోవా కన్నా వేగంగా పెరుగుతుంది, వదిలేసిన పెట్టె తొందరగా కూలిపోవచ్చు.

దీనికున్న ఒకే ఒక్క బలహీనత ఏంటంటే పెద్ద ఈగని కొరికి తినలేదు, మెత్తటి పిల్లే కావాలి. పిల్ల లేకపోతే కొద్దిరోజుల్లోనే ఆకలికి చస్తుంది. కాబట్టి మీకు మందు కన్నా రాణి బోను మంచి ఆయుధం, వివరం కిందే ఉంది. పంచదార సీసా లెక్క దీనికి పనిచెయ్యదు, ఈగల మీద తక్కువ దొరుకుతుంది, పిల్ల ఫ్రేముని తెల్ల పళ్ళెం అంచుకి గట్టిగా నాలుగు దెబ్బలు కొడితే పళ్ళెంలో పరిగెడతాయి. కొండ ఈగ పట్టుకి మాత్రం నిప్పు పెట్టకండి, మీ మామిడి పూతకి కాయ పట్టించేది అదీనూ.

ప్రశ్న: ఎంవీపీ కాలనీలో మేడ మీద ఒక పెట్టె ఉంది. వేపనూనె, పసుపు, వెల్లుల్లి, వాము ఇలా ఇంట్లో వాటితో నల్లిని తగ్గించొచ్చా?
– ఒక గృహిణి

జవాబు: వేపనూనె మొక్కకి కొట్టినట్టు పెట్టెలో కొట్టకండమ్మా, నల్లి కొంత తగ్గుతుంది, రాణీ పిల్లా కూడా తగ్గుతాయి. పసుపూ వెల్లుల్లీ పోపుకి బావుంటాయి. వాములో థైమాల్ ఉన్న మాట నిజమే, కానీ గుప్పెడు వాము చల్లితే ఎంత ఆవిరి వస్తుందో లెక్క లేదు కదా. ఒక్క పెట్టే కాబట్టి మీకు చాకిరీ పద్ధతే హాయి, కింద చదవండి. అడుగు బల్ల తీసేసి జాలీ అడుగు పెట్టించండి, ఈగల మీంచి జారిన నల్లి కిందపడి మళ్ళీ ఎక్కలేదు, అదొక్కటే సరిపోదు గానీ ఎంతో కొంత. జాలీ కింద ఆముదం రాసిన తెల్ల అట్ట పెట్టి రోజూ రాలినవి లెక్కపెట్టుకోవచ్చు. పెట్టె కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు మర్చిపోకండి, లేకపోతే రాలిన నల్లుల్ని చీమలు ఎత్తుకెళ్ళిపోతాయి, మీరు అట్ట చూసి నల్లే లేదనుకుంటారు.

ప్రశ్న: అన్నా, నర్సీపట్నం నుంచి. 9 పెట్టెలు. రసాయనాలు లేకుండా లేదా చాలా తక్కువతో నల్లిని కంట్రోల్ చెయ్యాలి. రాణిని బోనులో పెట్టే పద్ధతి అంటున్నారు, ఎన్ని రోజులు, ఎప్పుడు, ఈగలు తగ్గిపోవా? స్టెప్ బై స్టెప్ రాయండి ప్లీజ్.

జవాబు: స్టెప్ బై స్టెప్ అంటే నాకు చిరాకు తమ్ముడూ, పెట్టె తెరిస్తే ఏ స్టెప్పూ పుస్తకంలో ఉన్నట్టు ఉండదు, అయినా చెప్తా.

మొదటిది మగ ఈగల ఫ్రేము. పువ్వు బాగా ఉండి పెట్టె పెరుగుతున్న రోజుల్లో ఒక ఫ్రేములో మైనం షీటు కింద సగం కోసేసి పిల్ల గూటి అంచున పెట్టు, ఖాళీ ఉన్న చోట ఈగలు పెద్ద గదులు కట్టుకుంటాయి, రాణి అక్కడ మగ గుడ్లు పెడుతుంది, నల్లులు ఎగబడతాయి. గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి మగ ఈగ బయటికి రావడానికి 24 రోజులు. మూతలన్నీ పడ్డాక, 20 రోజులు దాటకముందే ఆ ముక్క కోసి కోళ్ళకి వేసెయ్. కొయ్యడం మర్చిపోయావా, నువ్వే నల్లుల్ని పెంచి వదిలినట్టు. నాకు తెలిసిన ఒకాయన పెళ్ళిళ్ళ సీజన్లో పడి సరిగ్గా అదే చేశాడు, అందుకే ఫ్రేము పెట్టిన రోజే క్యాలెండర్లో కోసే తేదీకి గుండ్రంగా గీత పెట్టుకో. కోసినప్పుడు ఓ ఇరవై మగ పిల్లల్ని పిన్నుతో పైకి లాగి చూడు, తెల్లటి పిల్ల మీద ఎర్ర చుక్క ఎంత దూరం నుంచైనా కనబడుతుంది, ఇరవైలో ఎన్నింటికుందో చూస్తే పెట్టె సంగతి అర్థమవుతుంది.

రెండోది బోను. రాణిని పట్టి, కూలి ఈగలు లోపలికీ బయటికీ తిరగగలిగి రాణి మాత్రం రాలేనంత సందులున్న బోనులో పెట్టి పిల్ల ఫ్రేముల మధ్యే వేలాడదియ్యి. బోను మరీ చిన్నది కాకూడదు, ఈగలు రాణికి తినిపించాలి, దాని వాసన పెట్టంతా తిరగాలి, లేకపోతే రాణి పోయిందనుకుని కొత్త రాణి గదులు కట్టేస్తాయి. వారం రోజులకి ఒకసారి తెరిచి అలాంటివి కనబడితే చిదిమెయ్. 21 రోజులకి కూలి పిల్లంతా బయటికొచ్చేస్తుంది, మగవి కూడా రావాలి కాబట్టి 24 రోజులు. ఇప్పుడు పెట్టెలో మూత అనేదే లేదు, దాక్కోడానికి చోటు లేదు, నల్లులన్నీ ఈగల మీదే.

24వ రోజు సాయంత్రం ఆక్సాలిక్ యాసిడ్. లీటరు పాకానికి, అంటే నీళ్ళూ పంచదారా సమానంగా తూచి కలిపిన పాకానికి, 35 గ్రాముల ఆక్సాలిక్. శుభ్రమైనది కావాలి, నాపరాళ్ళు తోమడానికి అమ్మే కలగలుపు పొడి వద్దు. గోరువెచ్చగా ఉండగానే కలిపి, సిరంజితో ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య ఈగలున్న సందుకి 5 మిల్లీ చొప్పున ఈగల మీద పడేలా వెయ్యి, పెట్టెకి మొత్తం 50 మిల్లీ దాటకూడదు. ఒక్కసారే. బాగా రాలింది కదా అని వారానికి మళ్ళీ వేస్తే ఈగల కడుపులు మాడతాయి. పొడి ముక్కులోకి పోకుండా మాస్కు, గ్లవ్స్, కళ్ళద్దాలు, ఇంట్లో వంట గిన్నెల్లో కలపకు, మిగిలింది పిల్లలకి అందని చోటే కదా అని కూడా దాచకు, గోతిలో పారబోసి పూడ్చెయ్. ఇది మూత కిందికి వెళ్ళదు, పిల్ల నిండుగా ఉన్నప్పుడు వేసి పనిచెయ్యలేదని తిట్టేవాళ్ళు వారానికొకరు తగుల్తారు నాకు. మర్నాడు రాణిని వదిలెయ్.

ఈగలు తగ్గవా అంటే తగ్గుతాయి, మూడున్నర వారాలు పిల్ల లేదు కదా. అందుకే ఎప్పుడు అన్నదే అసలు ప్రశ్న. నీ పెట్టెలు జీడిమామిడి, మామిడి పూత మీద ఉన్నప్పుడు వద్దు, అప్పుడు పుట్టిన పిల్లే తర్వాతి పువ్వుకి కూలీలు. మా వైపు నేను చేసేది కానుగ పువ్వు అయిపోయి వానలు మొదలయ్యాక, జూన్ చివర్లో. బయట పువ్వు తక్కువ, వానకి ఈగ బయటికి పోదు, రాణి కూడా ఎలాగూ నెమ్మదిస్తుంది. అలా చేస్తే వలిసెలకి కొండెక్కే లోపు పెట్టె కోలుకోడానికి రెండు నెలలకు పైగా టైము దొరుకుతుంది. పాకం మాత్రం వారానికి రెండుసార్లైనా పోస్తూ ఉండాలి, ఆ రోజుల్లో ఆకలికి పోయిన పెట్టెని కూడా మనవాళ్ళు నల్లి ఖాతాలో రాసేస్తారు.

ఆస్ట్రేలియావాళ్ళు దీన్ని పూర్తిగా తుడిచేద్దామని 2022 జూన్‌లో న్యూకాసిల్ రేవు దగ్గర నల్లి దొరికినప్పట్నుంచీ పెట్టెలకి పెట్టెలు తగలబెట్టారు, 2023 సెప్టెంబర్‌కి ఇంక కుదరదు, దీనితోనే బతుకుదాం అని మానేశారు. కాబట్టి ఒక్క జూన్ చేసి ఊరుకోకు తమ్ముడూ. బోను వదిలిన మూడు వారాలకి ఒకసారి, కొండెక్కే ముందు సెప్టెంబర్ ఆఖర్లో ఒకసారి, దిగొచ్చాక ఒకసారి ఆ పంచదార సీసా ఊపి అంకె రాసిపెట్టుకో. తొమ్మిది పెట్టెలకి ఒక పూట పని, ఇద్దరుంటే ఇంకా తొందరగా అయిపోద్ది, ఒకరు ఫ్రేము పట్టుకుంటే ఇంకొకరు రాణిని వెతకొచ్చు.